వెయిట్ మెషిన్ కదలకపోతే నడక వృథానా?

(ఫోన్-ఇన్ కార్యక్రమం: స్త్రీలలో ఊబకాయం, ఆహారం, వ్యాయామం)

యాంకర్: నమస్కారం. ఊబకాయం ఉన్న స్త్రీలకు షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ అదుపులోకి రావాలంటే తిండి మార్చుకోవాలా, వ్యాయామం చెయ్యాలా అన్నది ఈరోజు అంశం. మీ సందేహాలకు జవాబులు చెప్పడానికి ఎండోక్రైనాలజిస్ట్, అంటే హార్మోన్ల జబ్బులు చూసే డాక్టర్ గారు స్టూడియోలో ఉన్నారు. అప్పుడే లైన్లో ఒకరున్నారు. హలో, చెప్పండమ్మా.

మొదటి కాలర్: హలో... హలో... వినపడుతోందా అండీ?

యాంకర్: వినపడుతోందమ్మా. టీవీ సౌండ్ కాస్త తగ్గించి మాట్లాడండి.

మొదటి కాలర్: ఆ, తగ్గించానండీ. నమస్తే డాక్టర్ గారూ. నాకు 41 ఏళ్లు. బరువు 88 కిలోలు. మూడు నెలల నుంచి రోజూ ముప్పావు గంట నడుస్తున్నాను. వెయిట్ మెషిన్ ఎక్కితే కిలో కూడా తగ్గలేదు. ఇంట్లో వాళ్లు నవ్వుతున్నారు. ఇంక మానేద్దామనుకుంటున్నాను.

డాక్టర్: అప్పుడే మానెయ్యకండి. నడక మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష ఏమైనా చేయించుకున్నారా?

మొదటి కాలర్: చేయించానండీ. ఫాస్టింగ్ షుగర్ 114 వచ్చింది. ఆ భయంతోనే నడక పట్టుకున్నాను.

డాక్టర్: మళ్లీ చేయించారా?

మొదటి కాలర్: పోయిన వారం చేయించాను. 101 ఉంది.

డాక్టర్: అసలు విషయం చివర్లో చెప్పారు కదమ్మా! 100 దాటితే జాగ్రత్త పడమంటాం. మీరు ఆ గీత దగ్గరికి వచ్చేశారు. ఒక్క పరీక్ష చూసి తేల్చెయ్యకూడదు, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కూడా చూపించుకోండి. కానీ ఇది నడక చలవే అయ్యుండొచ్చు. కండరం పని చేస్తున్నంతసేపూ రక్తంలోని గ్లూకోజ్‌ని ఇన్సులిన్ సాయం లేకుండానే లోపలికి లాక్కుంటుంది. నడక ఆపాక కూడా ఒకటి రెండు రోజుల దాకా ఇన్సులిన్ మాట బాగా వింటుంది. బరువు తగ్గినా తగ్గకపోయినా ఈ లాభం ఉంటుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి గ్యాప్ ఇవ్వొద్దంటాం.

మొదటి కాలర్: మరి బరువెందుకు తగ్గలేదండీ?

డాక్టర్: ముప్పావు గంట నడకకి మీకు ఖర్చయ్యేది రెండొందల పైచిలుకు కేలరీలు. నడిచొచ్చి టీతో నాలుగు బిస్కెట్లు తింటే దాదాపు అంతా వెనక్కి వచ్చేసినట్టే. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు, వ్యాయామం చేస్తే ఆకలి కాస్త పెరగడం మామూలే. దీని మీద సియాటిల్‌లో మంచి పరిశోధన జరిగింది. మెనోపాజ్ దాటిన, అధిక బరువున్న 439 మంది స్త్రీల్ని నాలుగు గుంపులుగా విడదీసి ఏడాదిపాటు చూశారు. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. వ్యాయామం మాత్రమే చేసినవాళ్లు సగటున 2.4 శాతం బరువు తగ్గారు. తిండి మాత్రమే మార్చుకున్నవాళ్లు 8.5 శాతం. రెండూ చేసినవాళ్లు 10.8. ఏమీ మార్చుకోనివాళ్లు ఒక శాతం లోపే. కాబట్టి కిలోలు తగ్గాలంటే పళ్లెంలో మార్పు రావాలి. నడకని కిలోల లెక్కన చూస్తే ఎప్పుడూ నిరాశే మిగులుతుంది.

మొదటి కాలర్: అయితే బరువు చూసుకోవద్దంటారా?

డాక్టర్: వారానికోసారి చూసుకోండి, చాలు. దాంతోపాటు టేపు పెట్టుకోండి. కింది పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో పెట్టి, ఊపిరి వదిలేశాక చూడాలి. పొట్ట లోపలికి లాక్కుని కొలిస్తే మనల్ని మనమే మోసం చేసుకున్నట్టు. స్త్రీలకి 80 సెంటీమీటర్లు దాటితే లోపల కొవ్వు చేరుతోందని అనుమానించాలి. బరువు కదలకపోయినా నడుము తగ్గుతుండొచ్చు.

యాంకర్: నవ్వినవాళ్లకి ఆ 101 చూపించండమ్మా. తర్వాతి కాలర్, హలో.

రెండో కాలర్: నమస్తే మేడమ్. నాది పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. 92 కిలోలు. బీపీ ఉంది, రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్లు, 210. లైపోసక్షన్, అదే గొట్టం పెట్టి కొవ్వు లాగేసే ఆపరేషన్, చేయించుకుంటే కొవ్వు ఒక్కసారే పోతుంది, ఇవన్నీ కూడా తగ్గిపోతాయి అంటున్నారు. నిజమేనా?

డాక్టర్: కొవ్వు పోతుంది. ఇవి మాత్రం తగ్గవు. ఇది నా అభిప్రాయం కాదు, చేసి చూశారు. 2004లో అమెరికాలో ఊబకాయం ఉన్న 15 మంది స్త్రీలకి పొట్ట చర్మం కింద నుంచి సుమారు పదేసి కిలోల కొవ్వు తీసేశారు. పది పన్నెండు వారాలయ్యాక పరీక్షలు చేస్తే, ఇన్సులిన్ పనితీరు అలాగే ఉంది, బీపీ అలాగే ఉంది, రక్తంలో కొవ్వులూ అలాగే ఉన్నాయి.

రెండో కాలర్: పది కిలోలు తీసేసినా?

డాక్టర్: అవునమ్మా. చర్మం కింద కొవ్వు ఉండాల్సిన చోటే ఉంది. బీరువా నిండిపోయాక బట్టలు మంచం మీదా కుర్చీల మీదా పడేస్తాం చూడండి, అలా ఆ చోటు నిండిపోయాక మిగిలిన కొవ్వు లివర్‌లోకి, కండరాల్లోకి, పేగుల చుట్టూ చేరుతుంది. గొడవంతా దానితోనే. ఆ కొవ్వుని గొట్టం పెట్టి లాగలేరు. కేలరీలు తగ్గితే మాత్రం శరీరం దాన్ని తొందరగానే వాడేసుకుంటుంది, లివర్ ముందుగా తేలికపడుతుంది.

రెండో కాలర్: అయితే నేనెంత తగ్గాలి? చార్టు చూస్తే ఇంకా ముప్పై కిలోలు తగ్గాలని ఉంది.

డాక్టర్: ఆ చార్టు పక్కన పెట్టండి. అది చూసి భయపడి అసలు మొదలే పెట్టనివాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. మీ బరువులో ఐదు శాతం, అంటే నాలుగున్నర కిలోలు తగ్గినా చాలు, ట్రైగ్లిజరైడ్లు, బీపీ, షుగర్ మెరుగుపడతాయి. ఫ్యాటీ లివర్ వాపు దాకా వెళ్లి ఉంటే ఏడు నుంచి పది శాతం తగ్గాలి. అమెరికాలో డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అని 3,234 మందితో పెద్ద పరిశోధన జరిగింది, ఎక్కువ మంది స్త్రీలే. వాళ్లలో ఒక గుంపుకి లక్ష్యం ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక. 2002లో ఫలితాలు చూస్తే ఆ గుంపులో షుగర్ వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే.

రెండో కాలర్: నాకు టైమే దొరకదు మేడమ్.

డాక్టర్: 150 నిమిషాలూ ఒకేసారి చెయ్యక్కర్లేదు. భోజనం కాగానే పది నిమిషాలు నడవండి. ఆ సమయంలోనే షుగర్ పైకి లేస్తుంది, దాన్ని కాళ్లు వాడేసుకుంటాయి. కూల్ డ్రింకులు తాగుతారా?

రెండో కాలర్: మధ్యాహ్నం ఒకటి... అలవాటైపోయింది.

డాక్టర్: ఈ వారం ఆ ఒక్కటి మానండి. మిగతావి తర్వాత చూద్దాం.

యాంకర్: తర్వాతి కాల్. హలో, చెప్పండి సార్.

మూడో కాలర్: నమస్కారమండీ. మా ఆవిడ గురించి. బాగా లావైంది. రాత్రి భోజనం పూర్తిగా మాన్పించేద్దామా అని...

డాక్టర్: ఆవిడ పక్కనే ఉన్నారా?

మూడో కాలర్: ఉందండీ.

డాక్టర్: అయితే ఫోన్ ఆవిడకివ్వండి.

మూడో కాలర్ భార్య: నమస్తే అండీ. నాకు 56. పీరియడ్స్ ఆగిపోయిన దగ్గర్నుంచీ పొట్ట దగ్గరే పెరుగుతోంది. తినేది అంతే. మోకాళ్ల నొప్పులు, నడవలేను.

డాక్టర్: తినేది అంతే అంటే నమ్ముతానమ్మా. ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గాక కొవ్వు తొడల దగ్గర కాకుండా పొట్ట దగ్గర చేరుతుంది. వయసుతోపాటు కండ కూడా కరుగుతుంది. ఈ సమయంలో పస్తులుంటే ఉన్న కండ ఇంకా పోతుంది. షుగర్ మందులేమైనా వాడుతున్నారా?

మూడో కాలర్ భార్య: మాత్రలు వేసుకుంటున్నా.

డాక్టర్: అవి ఏ రకమో మీ డాక్టర్‌ని అడక్కుండా భోజనం మానకండి. కొన్ని మాత్రలతో, ఇన్సులిన్‌తో షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. సరే, కుర్చీలో ఉన్నారా? చేతులు దేనికీ ఆనించకుండా లేవండి చూద్దాం.

మూడో కాలర్ భార్య: ఇప్పుడా? ... ఉండండి. ... లేచానండీ, కానీ టేబుల్ పట్టుకున్నా.

డాక్టర్: పర్లేదు, పట్టుకునే చెయ్యండి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా మెల్లగా దిగాలి. కండకి పని పడేది అక్కడే. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకుంటే మోకాలికి సులువు. ఐదారుసార్లు చేసి ఆగండి, కాసేపటికి మళ్లీ చెయ్యండి. రోజు విడిచి రోజు చాలు. ప్రతి పూటా గుడ్డో, పప్పుదినుసులో, పెరుగో, చేపో, ఏదో ఒక ప్రొటీన్ ఉండాలి. ఒకసారి థైరాయిడ్ కూడా చూపించుకోండి.

మూడో కాలర్ భార్య: ఈయనకి కూడా పొట్ట ఉందండీ.

డాక్టర్: అయితే ఆయన్నీ పక్కన ఇంకో కుర్చీ వేసుకోమనండి.

యాంకర్: చివరి కాల్. హలో.

నాలుగో కాలర్: మేడమ్, నాకు 24. పీసీఓఎస్ ఉంది, అదే హార్మోన్ల తేడాతో పీరియడ్స్ తప్పే సమస్య. పీరియడ్స్ రెండు మూడు నెలలకోసారి వస్తాయి. కార్బ్స్ పూర్తిగా మానెయ్యమని ఆన్‌లైన్‌లో చూశాను. చాలా టెన్షన్‌గా ఉంది.

డాక్టర్: టెన్షన్ వద్దమ్మా. పీసీఓఎస్‌కి ఫలానా డైటే గొప్పదని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. మీరు ఏడాదిపాటు చెయ్యగలిగేదే మీ డైట్. పిండిపదార్థాలు మానక్కర్లేదు, ముడి ధాన్యాల్లాంటివి ఎంచుకోండి, కూరగాయలు పెంచండి. ప్యాకెట్ తిండి మాత్రం బాగా తగ్గించండి. 2019లో ఒక ప్రయోగంలో 20 మందికి రెండు వారాలు ప్యాకెట్ తిండి, రెండు వారాలు ఇంటి వంట లాంటిది పెట్టి, కావలసినంత తినమన్నారు. ప్యాకెట్ తిండి పెట్టినప్పుడు రోజుకి సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, తమకు తెలియకుండానే. ఇంకొక మాట. ఐదు నుంచి పది శాతం బరువు తగ్గితే చాలామందికి అండం విడుదల మళ్లీ గాడిలో పడుతుంది. అంటే గర్భం వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. ఇప్పుడే పిల్లలు వద్దనుకుంటే ముందుగానే జాగ్రత్తపడాలి.

నాలుగో కాలర్: అది నాకెవరూ చెప్పలేదు మేడమ్.

డాక్టర్: చాలామందికి చెప్పరు. మూడు నెలలు దాటినా పీరియడ్ రాకపోతే మాత్రం బరువు తగ్గేదాకా ఆగకుండా గైనకాలజిస్ట్‌ని కలవండి.

యాంకర్: ఇంకో ఇద్దరు లైన్లో ఉన్నారు, సమయం అయిపోయింది. మా వాళ్లు మీ ప్రశ్నలు రాసుకుంటారు, ఫోన్ పెట్టెయ్యకండి.