మరిగించకూడని టీ

శ్రోతలకు నమస్కారం.

మా చెల్లెలి కొడుకు జపాన్‌లో నగోయా దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. కిందటి సంక్రాంతికి కావలి వచ్చినప్పుడు నా చేతిలో ఒక చిన్న రేకు డబ్బా పెట్టాడు. కుంకుమ భరిణె కంటే కాస్త పెద్దది, అంతే. లోపల చిలకపచ్చ రంగు పొడి, 30 గ్రాములు. "పెద్దమ్మా, ఇది మాచా. మంచి టీ" అన్నాడు.

టీ అన్నాడు గదా అని మర్నాడు పొద్దున్నే గిన్నెలో గేదె పాలు, నీళ్ళు పోసి, అల్లం దంచి వేసి, ఆ పొడి రెండు చెంచాలు, చక్కెర వేసి మూడు పొంగులు రానిచ్చాను. అడుగున బురద, పైన నాచు. మా అత్తమ్మ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టి, "ఏందమ్మా ఇది, ఎద్దులకు కుడితి కలిపినట్టుందే" అంది. ఆమె పుట్టిల్లు ఒంగోలు పక్క పల్లె. ఎద్దుల సంగతి ఆమెకు తెలిసినంతగా నాకు తెలియదు, కాబట్టి ఎదురు చెప్పలేదు.

మా వాడు మాత్రం నవ్వలేదు. "పెద్దమ్మా, దీన్ని మరిగించకూడదు, వడకట్టకూడదు. పిండి కలిపినట్టు కలపాలి" అన్నాడు. ఆ మాటతో నాకు దారి దొరికింది. టీ గురించి మన చేతులకు అలవాటైనదంతా ఇక్కడ పక్కన పెట్టాలి. పిండి, పొడి, కవ్వం గురించి అలవాటైనదాన్ని బయటికి తియ్యాలి.

మాచా వేరే మొక్కేమీ కాదు. మన బంకుల్లో మరిగే టీ పొడీ, ఇదీ ఒకే జాతి మొక్క ఆకులు. మన టీకి ఆకును నలిపి, గాలికి నల్లబడనిచ్చి, ఎండబెడతారు. మనం మరిగించి, సారం తీసుకుని, పిప్పి పారబోస్తాం. మాచాకు ఆకును కోసిన వెంటనే ఆవిరి పట్టిస్తారు, అందుకని పచ్చదనం పోదు. తర్వాత ఆరబెట్టి, కాడలూ ఈనెలూ తీసేసి, మిగిలిన ఆకును మెత్తగా విసురుతారు. ఇందులో పిప్పి అంటూ ఉండదు. అన్నంలో కరివేపాకు పొడి కలుపుకున్నట్టు, ఆకంతా మన కడుపులోకే పోతుంది.

దీని రుచి మాత్రం తోటలోనే తయారవుతుంది. మన ప్రకాశం జిల్లాలో మిరప నారు పెంచే నర్సరీల మీద నెట్ కడతారు చూడండి, అలాగే అక్కడ కోతకు మూడు నాలుగు వారాల ముందు తేయాకు తోటల మీద పందిళ్ళు వేసి కప్పేస్తారు. పూర్వం వెదురు తడికలు, గడ్డి వాడేవాళ్ళు, ఇప్పుడు ఎక్కువగా నల్లటి గుడ్డ. ఎండ తగ్గేసరికి ఆకు ఉన్న కాస్త వెలుతురునూ పట్టుకోవడానికి పత్రహరితాన్ని పెంచుకుంటుంది. అందుకే ఆ ముదురు పచ్చ. ఆకులో థియానిన్ అనే పదార్థం ఉంటుంది, దీని కమ్మదనం చాలావరకు దానిదే. ఎండ తగిలితే అది వగరుగా మారిపోతుంది. నీడలో ఉంటే కమ్మగానే మిగులుతుంది. జపాన్ వాళ్ళు ఈ థియానిన్‌ను 1949లో తేయాకులో కనిపెట్టారు. వాళ్ళ తోట రైతులు మాత్రం అప్పటికి కొన్ని వందల ఏళ్ళుగా పందిళ్ళు వేస్తూనే ఉన్నారు.

ఇక విసరడం సంగతి. దానికి వాడేది రాతి తిరగలి, అదీ గ్రానైట్. చీమకుర్తి గ్రానైట్‌తో ప్రపంచమంతా గచ్చులు పరుచుకుంటున్నారు గానీ, మనం మన తిరగళ్ళను పెరట్లో బోర్లించేశాం. మా అమ్మమ్మ తిరగలి ఇప్పుడు తులసికోట పక్కన కూర్చునే పీటైంది. జపాన్‌లో ఆ తిరగలి గంటసేపు తిరిగితే వచ్చే పొడి 40 గ్రాములు, అంతే. జోరుగా తిప్పకూడదా అంటే, తిప్పకూడదు. పిండిమిల్లులో కారం పట్టించుకొస్తే సంచి చేతికి వేడిగా తగులుతుంది గదా. ఆ వేడి మాచాకు తగిలితే రంగూ పోతుంది, వాసనా పోతుంది. నా చేతిలో పెట్టిన ఆ చిన్న డబ్బా వెనక ముప్పావు గంట తిరగలి పని ఉందన్నమాట. ధర విని మా ఇంటాయన "ఈ డబ్బుకి ఏడాదికి సరిపడా టీ పొడి వచ్చేది" అన్నప్పుడు నేను చెప్పిన సమాధానం ఇదే. ఆయన ఒప్పుకున్నారని చెప్పను.

పొడి టీ తాగే అలవాటు మొదట చైనాది. ఎయ్‌సాయ్ అనే బౌద్ధ సన్యాసి చైనాలో చదువుకుని 1191లో తేయాకు గింజలతో జపాన్ తిరిగి వెళ్ళాడు. ధ్యానంలో నిద్ర రాకుండా ఉండటానికి సన్యాసులు తాగేవాళ్ళు. తర్వాత చైనా ఆకు టీ వైపు మళ్ళింది, పొడి జపాన్‌లో నిలిచిపోయింది. క్యోటో పక్కనున్న ఉజి అనే ఊరు దీనికి పాతకాలం నుంచీ పేరుపడ్డ చోటు. నగోయా దగ్గరి నిషియో ఇంకొకటి, మా వాడు తెచ్చింది అక్కడిదే.

కొనుక్కునేవాళ్ళకు ఒక మాట. మొదటి డబ్బా అయిపోయాక నేను ఆన్‌లైన్‌లో చౌకగా ఒక పొట్లం తెప్పించి మోసపోయాను. పేరు మాచా, రంగు ఎండిన గోరింటాకు. మంచి మాచాను చిటికెడు తీసి అరచేతిలో రుద్దితే ముఖానికి రాసుకునే పౌడర్‌లాగా చేతి గీతల్లోకి దూరిపోతుంది. గరుకుగా తగిలితే అది మామూలు గ్రీన్ టీ పొడి కావచ్చు. రంగు చిలకపచ్చగా ఉండాలి. పసుపు, గోధుమ రంగులోకి దిగిందంటే పాతదో, ముదురాకుదో. ఈ మధ్య గిరాకీ మరీ పెరిగింది. 2024 చివర్లో జపాన్‌లోనే పేరున్న కొన్ని కంపెనీలు మనిషికి ఇన్ని డబ్బాలే అని హద్దు పెట్టాల్సి వచ్చింది. అంత గిరాకీ ఉన్న సరుకు మనకు కారుచౌకగా వస్తోందంటే అనుమానించండి.

ఇప్పుడు చేసే పద్ధతి. ఒక మనిషికి రెండు గ్రాములు, అంటే టీ చెంచాతో తలగొట్టి ఒక చెంచా. నేను ఉదయగిరి చెక్క చెంచా వాడతాను. కాఫీ పొడికని కొన్నాను, ఇప్పుడు దీనికి అంకితం. పొడిని టీ వడకట్టుతో గిన్నెలోకి జల్లించుకోవాలి. ఈ పని బద్ధకించారా, ఉండలు తప్పవు.

నీళ్ళు కాగాలి, కానీ కాగినవి కాగినట్టు పొయ్యకూడదు. 80 డిగ్రీల దగ్గర ఉండాలి. మరిగే నీళ్ళు పోస్తే చేదు ముందుకొచ్చి కమ్మదనాన్ని కప్పేస్తుంది. థర్మామీటర్ కోసం వెతకొద్దు. కాగిన నీళ్ళను ఒక గ్లాసులో పోసి, అందులోంచి ఇంకో గ్లాసులోకి మార్చండి. గ్లాసు మారినప్పుడల్లా సుమారు పది డిగ్రీలు తగ్గుతుంది. చిన్నపిల్లలకు పాలు తిరగపోసి చల్లార్చిన చేతులకు ఇది ఒకరు నేర్పాలా!

ముందు రెండు చెంచాల నీళ్ళే పోసి పేస్టు చెయ్యండి. బజ్జీల పిండిలో నీళ్ళు ఒక్కసారిగా గుమ్మరించం గదా, అదే లెక్క. పేస్టు నున్నగా వచ్చాక మిగతా నీళ్ళు పొయ్యాలి, మొత్తం 70 మిల్లీలీటర్లకు మించకుండా. చిన్న కాఫీ గ్లాసుకు సగం పైన వస్తుంది. ఇక చిలకాలి. జపాన్ కవ్వం పేరు చాసెన్. ఒకే వెదురు ముక్కను ఎనభై, వంద సన్నటి పుల్లలుగా చీల్చి చేస్తారు. మజ్జిగ కవ్వంలాగా గుండ్రంగా తిప్పితే దీనికి నురగ రాదు. మణికట్టు వదులుగా ఉంచి, గిన్నె అడుగును గీకకుండా, ముందుకూ వెనక్కూ గబగబా ఆడించాలి. పావు నిమిషంలో సన్నటి నురగ కడుతుంది. అప్పుడు కవ్వాన్ని మెల్లగా పైకెత్తాలి.

చాసెన్ లేదా? కాఫీకి నురగ తెప్పించే బ్యాటరీ కవ్వం చాలు. అదీ లేకపోతే బిగుతు మూత ఉన్న సీసాలో పోసి ఊపండి. చల్లటి నీళ్ళయితే సీసాయే మేలు. వేడి నీళ్ళు మాత్రం సీసాలో బిగించి ఊపొద్దు, మూత ఎగిరి ముఖాన పడుతుంది. మిక్సీ వద్దు. రెండు గ్రాముల పొడి కోసం అంత జారు కడగడం నా వల్ల కాదు.

రుచి ఎలా ఉంటుందని అడుగుతారు. లేత తోటకూర ఉడికిన నీళ్ళు, పచ్చి బఠానీ, చివర్లో మైపాడు గాలిలాంటి ఒక సముద్రపు వాసన. నాకు మూడో రోజుకు నచ్చింది. మొదటి రోజే నచ్చిందనే వాళ్ళను నేను పెద్దగా నమ్మను. జపాన్‌లో దీనికి ముందు ఏదైనా తీపి తింటారు. తిని, పూర్తిగా మింగాకే తాగుతారు. మన నెల్లూరు మలై కాజా సగం ముక్క తిని తాగి చూడండి. నాలుక మీద మిగిలిన పాల తీపి మీదికి ఆ చేదు వచ్చి కూర్చుంటుంది, దేనికదే తెలుస్తుంది. టీలోనే చక్కెర కలిపితే ఈ సరదా ఉండదు.

పాలతోనే కావాలంటే, ముందు చెప్పినట్టు నీళ్ళలో చిలికి, కాచి కాస్త చల్లార్చిన పాలు పైన కలపండి. గేదె పాలయితే సగం నీళ్ళు కలిపి. లేకపోతే మీగడ రుచి తప్ప ఇంకేమీ తెలియదు. రోహిణి కార్తెలో మాత్రం మా ఇంట్లో వేడిది ఎవరూ అడగరు. కొంచెం గోరువెచ్చటి నీళ్ళలో చిలికి, చల్లటి లేత కొబ్బరి నీళ్ళలో పోసుకుంటాం. గూడూరు నిమ్మకాయలు ఇంట్లో ఉన్నాయి గదా అని పిండితే పులుపుకు ఆ పచ్చరంగు కాసేపట్లో పాలిపోతుంది. రుచి బాగానే ఉంటుంది, చూడ్డానికే బాగుండదు.

దాచుకోవడం దగ్గర నేను రెండు తప్పులు చేశాను. మొదటిసారి డబ్బాను ఇంగువ పక్కన పెట్టాను, వాసన పట్టేసింది. రెండోసారి మూత సరిగ్గా బిగించకుండా ఫ్రిజ్‌లో పెట్టాను. మర్నాటికి బాగుంటుందని చేపల పులుసు కూడా ఫ్రిజ్‌లోనే ఉంది. పులుసు బాగానే ఉంది. కాబట్టి వెలుతురు దూరని డబ్బా, గట్టి మూత, ఫ్రిజ్‌లో వేరే మూల. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తియ్యొద్దు, మన ఊళ్ళ తేమ గాలికి లోపల చెమ్మ పడుతుంది. తెరిచిన డబ్బాను రెండు నెలల్లో తాగేయండి. వెదురు కవ్వాన్ని సబ్బు లేకుండా కడిగి, గాలి తగిలేచోట ఆరబెట్టాలి, లేకపోతే బూజు.

ఆరోగ్యం గురించి ఇంత ప్రచారం జరుగుతోంది గనుక రెండు ముక్కలు. దీంతో పొట్ట కరిగిపోతుందని ఆశ పెట్టుకోకండి. రెండు గ్రాముల పొడిలో 40 నుంచి 80 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, అంటే కాఫీకి మరీ తీసిపోదు. సాయంత్రం పొద్దుపోయాక తాగితే నిద్ర పట్టదు. రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్ళు అన్నంతో పాటు, ఐరన్ మాత్రలతో పాటు తాగొద్దు, ఆ ఐరన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. గంటైనా ఎడం ఉంచండి. గర్భిణులకు రోజు మొత్తం మీద కెఫీన్ 200 మిల్లీగ్రాములు దాటకూడదని డాక్టర్లు చెప్తారు, కాఫీ, టీ, ఇది అన్నీ కలిపి లెక్కేసుకోవాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళు తమ డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి.

రంగు పోయిన పాత పొడి ఉంటే పారెయ్యకండి. కొబ్బరి లౌజులో ఒక చెంచా కలపండి. కిందటి నెల మా ఇంట్లో అదే జరిగింది. మా అత్తమ్మ రెండు ముక్కలు తిని, ఇది ఏం ఆకు అని అడిగింది. కుడితి ఆకేనని చెప్పాను. "అయితే సాయంత్రం నాకూ ఇంత కలుపు, పాలు పొయ్యబాక" అంది.

ఉంటాను. నమస్కారం.