ఏడు చేపల కథా, మా మేనకోడలి డౌట్లూ

అందరికీ నమస్తే. ఆ మధ్య పుస్తకాల ఎగ్జిబిషన్‌కి వెళ్ళి మా మేనకోడలికి ఓ పది కథల పుస్తకాలు తెచ్చాను. అన్నిటి అట్టల మీదా కుటుంబం, సంప్రదాయం, మంచి అలవాట్లు, ఇవే మాటలు. మేనకోడలంటే మా అన్నయ్య కూతురు, ఏడేళ్ళది. వారం తిరక్కుండా పదీ మంచం కింద పడేసింది. ఎందుకే అంటే, "అన్నిట్లో ఒకటే నానమ్మ ఉంది అత్తా" అంది.

తిరగేసి చూస్తే నిజమే. తెల్లజుట్టు ముడి, కళ్ళద్దాలు, వాలుకుర్చీ. ఆవిడ ఆ కుర్చీలోంచి లేవదు. అమ్మ వంటింట్లోంచి కదలదు, నాన్న పేపర్ మడవడు. పిల్లాడు ఏదో తప్పు చేస్తాడు, నానమ్మ ఒక్క మాట చెప్తుంది, వాడు అక్కడికక్కడే మారిపోతాడు, కింద ఒక గీత, గీత కింద నీతి: పెద్దల మాట వినాలి. అయిపోయింది కథ. మా అమ్మకి అరవై ఆరేళ్ళు. స్కూటీ మీద రైతుబజారుకి వెళ్ళి వంకాయలు ఒక్కోటీ తిప్పి తిప్పి చూసి తెచ్చుకుంటుంది, సాయంత్రం టీవీ ముందు కూర్చుని సీరియల్లో అత్తగారిని నోరారా తిడుతుంది. ఈ నానమ్మ ఏ పుస్తకంలో ఉందో మీకు కనపడితే చెప్పండి.

మొన్న సెలవుల్లో అందరం ఊళ్ళో ఉన్నాం. రాత్రి కరెంటు పోయింది. మేనకోడలు కథ చెప్పమని ఒకటే గొడవ, మా అమ్మ ఏడు చేపల కథ ఎత్తుకుంది. అనగనగా ఒక రాజు, ఆయనకి ఏడుగురు కొడుకులు, వేటకెళ్ళారు, ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒకటి ఎండలేదు. ఇది మీ అందరికీ వచ్చు. నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కే లేదు. కానీ పక్కన ఒక ఏడేళ్ళ పిల్ల కూర్చుని, ఊ కొట్టడం మానేసి డౌట్లు అడుగుతుంటే, అది వేరే కథలా అనిపించింది.

మొదటి డౌటు, "రాజుగారి కొడుకులు చేపలెందుకు ఎండబెట్టుకుంటారు?" నవ్వేశాం గానీ మంచి ప్రశ్నే అది. ఎందుకంటే ఆ కథలో రాజు పేరుకే రాజు. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపుని ఆవు మేయలేదు, ఆవుని పాలేరు వదల్లేదు, పాలేరుకి అమ్మ అన్నం పెట్టలేదు, అమ్మ ఎందుకు పెట్టలేదంటే పసివాడు ఏడ్చాడు, వాణ్ణి చీమ కుట్టింది. గమనించారా, చేప దగ్గరే రాజూ ఏడుగురు కొడుకులూ మాయమైపోయారు, మళ్ళీ ఒక్కసారి కూడా రారు. మిగిలింది ఏంటి? ఒక ఇల్లు. వాకిట్లో గడ్డిమోపు, కట్టేసిన ఆవు, ఆకలితో కూర్చున్న పనివాడు, చంకలో ఏడుస్తున్న బిడ్డతో ఒక అమ్మ. రాజుల కథ అని మొదలుపెట్టి మనకి మన ఇంటి కథే చెప్పేశారు! ఎవరు కట్టారో గానీ గొప్ప బుర్ర.

రెండో డౌటు దగ్గర ఎవరం నవ్వలేదు. "పాలేరు అంటే ఎవరు నానమ్మా?" తెలంగాణలో జీతగాడు అంటారు. ఏడాదికి ఇంత అని మాట్లాడుకుని, వాళ్ళింట్లోనే తిని, పశువుల్ని చూసుకునేవాళ్ళు. అమ్మ అదే చెప్పింది. "పెద్దవాడా, చిన్నవాడా?" అని ఇది. మా అమ్మ కాసేపు ఆగి, "మా చిన్నప్పుడు మా ఇంట్లో ఉన్నవాడు నీకన్నా ఓ మూడేళ్ళు పెద్దేమో" అంది. ఈ ముక్క నాకూ అప్పటిదాకా తెలీదు. చూడండి, మా కుటుంబం గురించిన ఒక నిజం, కాస్త సిగ్గుపడాల్సిన నిజం, ఈ కథ వల్ల బయటికొచ్చింది. ఆ పది పుస్తకాల్లో ఎవరూ ఇంట్లో పనిచేయరు, ఇల్లు దానంతటదే శుభ్రంగా ఉంటుంది.

పాత కథలన్నీ గొప్పవి అనడం లేదు నేను. కోడళ్ళని ఏడిపించేవి, సవతి తల్లి అంటే రాక్షసి అన్నట్టు చెప్పేవి కోకొల్లలు, వాటిని చెప్పకపోయినా కొంపలేం మునగవు. నా గొడవల్లా ప్రశ్న గురించి. చందమామనే తీసుకోండి, 1947 జూలైలో మద్రాసులో నాగిరెడ్డి గారు, చక్రపాణి గారు మొదలుపెట్టింది. చందమామ అనగానే అందరికీ నీతికథలు గుర్తొస్తాయి గానీ, తరాల తరబడి పిల్లలు కొట్టుకుని చదివిన బేతాళ కథల్లో కథ ప్రశ్న దగ్గర ఆగుతుంది. విక్రమార్కుడు జవాబు చెప్తాడు, మౌనం పోతుంది, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఆయన చెప్పింది తప్పని మా అన్నయ్యా నేనూ ఎన్నిసార్లు కొట్టుకున్నామో.

ఇంక బుడుగు. ముళ్ళపూడి వెంకటరమణ గారు 1956లో ఆంధ్ర వారపత్రికలో మొదలుపెట్టారు, బొమ్మలు బాపు గారివి. ఉమ్మడి కుటుంబం, బామ్మ, బాబాయి, పక్కింటి పిల్ల, అంతా ఉంది. అందులో పిల్లాడు కన్నతండ్రిని గోపాళం అంటాడు, తల్లిని రాధ అంటాడు! ఇవాళ ఎవరైనా అలాంటి పిల్లాణ్ణి రాసి ఒక స్కూల్ లైబ్రరీకి ఇస్తే, మర్యాద నేర్పట్లేదని తిరిగి పంపిస్తారని నా అనుమానం. కానీ తెలుగువాళ్ళు ఆ పిల్లాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు, ఎందుకంటే వాడు పెద్దవాళ్ళని చూసే చూపు నిజమైంది. పెద్దవాళ్ళు ఒకటి చెప్పి ఇంకోటి చేస్తారని ప్రతి పిల్లకీ తెలుసు కదా.

సంప్రదాయం సంగతికొస్తే, ఇక్కడ నాకు కొంచెం కోపం. పండగ మీద కథ అంటే చాలామంది పండగ మీద వ్యాసం రాసేస్తారు. భోగిపళ్ళు ఎందుకు పోస్తారు, రేగుపండులో ఏముంది, సూర్యుడు ఎటు తిరిగాడు. పిల్లలకి గుర్తుండేది అదా? నాకు గుర్తుంది చెప్తాను. పీట మీద కూర్చోబెట్టి రేగుపళ్ళు, చెరుకుముక్కలు, బంతిరేకులు, చిల్లర కలిపి దిగదుడిచి నెత్తిన పోసేవాళ్ళు, చిల్లర నెత్తికి తగిలి చురుక్కుమనేది, పెద్దపిల్లలంతా నేలమీద పాకుతూ ఆ డబ్బులు ఏరుకునేవాళ్ళు. తర్వాత ఒక ఏడాది కొత్త గౌను వేసుకుని నేనెళ్ళి పీట మీద కూర్చుంటే, మా మేనత్త చెయ్యి పట్టి లేపి, "నువ్వు పెద్దదానివయ్యావే, ఇవాళ తమ్ముడికి" అంది. నాకప్పుడు ఆరేళ్ళు. నేనూ పాకుతూ డబ్బులు ఏరాను, రెండు రూపాయలు దొరికాయి, లోపల మాత్రం ఏడుపు. పెద్దవడం గురించి కథ కావాలంటే ఆ పీట చుట్టూ రాయొచ్చు కదా? ఆడపిల్లలకి పెద్దవడం అంటే మళ్ళీ ఇంకో రోజు ఉంటుంది, మూల కూర్చోబెట్టి, చాపా కంచమూ వేరు చేసి, చుట్టాలందరికీ ఫోన్లు చేసే రోజు. ఊరంతా పిలిచి ఫంక్షన్ చేస్తారు గానీ, పిల్లల కథలో ఆ మాట ఎత్తడానికి అందరికీ మొహమాటం.

ఇలా నిజంగా రాసినవి లేవా అంటే, ఉన్నాయి. ఖదీర్‌బాబు గారి దర్గామిట్ట కతల్లో కావలి ఊరు ఉంది, ఒక ముస్లిం ఇంట్లో పెరిగే పిల్లాడున్నాడు. నామిని గారు చిత్తూరు జిల్లా మాటలో పల్లెటూరి బాల్యం రాశారు. కానీ ఇవి షాపులో పిల్లల పుస్తకాల అరలో కనపడవు. ఆ అరలో కనిపించే ఇల్లు ఎప్పుడూ ఒకే మతం, ఒకే కులం, ఒకే డైనింగ్ టేబుల్.

సుధామూర్తి గారు అమ్మమ్మకి చదువు నేర్పిన కథ చాలామంది స్కూల్లో చదివే ఉంటారు. ఆవిడకి పన్నెండేళ్ళప్పటి సంగతి. కన్నడ వారపత్రికలో త్రివేణి గారి సీరియల్ వస్తుంటే, చదువురాని అమ్మమ్మ ప్రతివారం మనవరాలితో చదివించుకునేది. ఒకసారి ఈ అమ్మాయి పెళ్ళికని ఊరెళ్ళింది. పత్రిక వచ్చింది, బొమ్మ కనపడుతోంది, అక్షరం రాదు. ఎవరినైనా అడగొచ్చు, అభిమానం అడ్డొచ్చింది. అప్పుడు దసరాల్లో సరస్వతీ పూజ నాటికి నేర్చుకుంటానని పట్టుబట్టి నేర్చుకుంది, ఆరోజు మనవరాలి కాళ్ళకి దణ్ణం పెట్టింది. కాళ్ళకి దణ్ణం పెట్టడం మన పద్ధతే, గురువుకి పెట్టడమూ మన పద్ధతే, కానీ ఎవరు ఎవరికి పెట్టారో చూడండి. చిన్నప్పుడు అది చదివి నేను మా అమ్మమ్మకి ఎక్కాలు నేర్పబోయాను. ఆవిడకి నాకన్నా బాగా వచ్చు, అది వేరే విషయం.

సరే, ఆ రాత్రి కథ అక్కడితో అవలేదు. చీమ దగ్గరికి వచ్చాం. నా బంగారు పుట్టలో వేలుపెడితే కుట్టనా అంది చీమ. అందరం అక్కడ ఆపేస్తాం కదా. మేనకోడలు ఆపలేదు.

"బాబు పుట్టలో వేలెందుకు పెట్టాడు?"

"వాళ్ళమ్మ చూసుకోలేదు."

"ఎందుకు చూసుకోలేదు?"

"పనిలో ఉందే తల్లీ. పాలేరుకి అన్నం వండుతోంది."

చీకట్లో కాసేపు ఎవరం మాట్లాడలేదు. అన్నం పెట్టలేదంటే బిడ్డ ఏడ్చాడు, బిడ్డ ఏడ్చాడంటే ఆవిడ అన్నం వండుతోంది, కథ తిరిగి తిరిగి అదే వంటింటికొచ్చింది.

"మరి వాళ్ళ నాన్న?" అంది.

మా అమ్మ విసనకర్ర ఆపింది. ఇన్నేళ్ళుగా చెప్తోంది ఈ కథ, ఆవిడకీ తట్టినట్టు లేదు. "వేటకెళ్ళాడేమోలే" అంది చివరికి.

పక్క మంచం మీద మా అన్నయ్య ఫోన్ వెలుగు ఆరిపోయింది.