ఇన్సులిన్ వేసుకుని ఆడిన రైట్ బ్యాక్

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న పిల్లలకి ఇంకో నమస్కారం, ఎందుకంటే ఈ మాటలు అసలు మీకోసమే. అమ్మానాన్నలు పక్కనుంచి వింటే చాలు.

టైప్ 1 షుగర్, అంటే రోజూ ఇన్సులిన్ వేసుకోక తప్పని షుగర్, ఉన్న పిల్లలు ఆటలు ఆడొచ్చా లేదా అన్నదాని మీద మాట్లాడమని నన్ను పిలిచారు. డాక్టర్లు పొద్దున్నుంచీ ఆ సంగతే చెప్తున్నారు కాబట్టి నేను మళ్ళీ అది మొదలుపెట్టను. నేను ఒక మనిషి గురించి చెప్తాను. పేరు డానీ మెక్‌గ్రెయిన్. ఊరు స్కాట్లండ్‌లోని గ్లాస్గో. సెల్టిక్ అనే ఫుట్‌బాల్ క్లబ్‌లో 20 ఏళ్ళ పాటు ఉన్నాడు, 650కి పైగా మ్యాచ్‌లు ఆడాడు, స్కాట్లండ్ దేశానికి 62 ఆడాడు, రెండు జట్లకీ కెప్టెన్ అయ్యాడు. ఇన్సులిన్ ఇంజెక్షన్లు మొదలయ్యాకే ఇందులో ఎక్కువ భాగం జరిగింది.

ఈ పేరు నాకు 1988లో తెలిసింది. నాకప్పుడు పదిహేనేళ్ళు, షుగర్ అని తేలి రెండు నెలలైంది. అప్పటిదాకా స్కూల్ టీమ్‌లో రైట్ బ్యాక్ ఆడేవాణ్ణి. మా ఆటల మాస్టారు నాన్నని పిలిచి, "షుగర్ ఉన్న పిల్లాణ్ణి గ్రౌండ్‌లోకి పంపకండి, ఏమైనా అయితే మా మీదకొస్తుంది" అన్నారు. నాన్న ఏమీ అనలేదు. ఆ రాత్రి నా బూట్లు అటక మీదకెక్కాయి. తర్వాత నెల చెకప్‌కి వెళ్ళినప్పుడు నేనేమీ మాట్లాడకుండా కూర్చుంటే డాక్టర్ గారు ఏమైందని అడిగారు, అమ్మ చెప్పింది. ఆయన నా వైపు తిరిగి, "స్కాట్లండ్ కెప్టెన్ రోజూ ఇన్సులిన్ వేసుకుని వరల్డ్ కప్ ఆడాడురా" అన్నారు. అంతే అన్నారు. మిగతా కథంతా నేను తర్వాత ఏళ్ళ తరబడి వెతుక్కుని తెలుసుకున్నాను.

మెక్‌గ్రెయిన్ 1950 మే 1న పుట్టాడు. పెరిగింది డ్రమ్‌చాపెల్‌లో, అది గ్లాస్గో అంచున యుద్ధం తర్వాత కట్టిన పెద్ద కాలనీ, కూలీనాలీ జనం ఉండేది. గ్లాస్గోలో రెండు పెద్ద క్లబ్‌లు, సెల్టిక్, రేంజర్స్. ఐర్లండ్ నుంచి వలసొచ్చిన కాథలిక్కుల క్లబ్ సెల్టిక్, ప్రొటెస్టెంట్ల క్లబ్ రేంజర్స్ అని జనంలో పాతుకుపోయిన విభజన. రేంజర్స్ అయితే చాలా కాలం కాథలిక్ అని తెలిస్తే ఆటగాణ్ణి తీసుకునేదే కాదు. మన మెక్‌గ్రెయిన్ ప్రొటెస్టెంట్ కుటుంబం, చిన్నప్పుడు రేంజర్స్ అభిమాని. కానీ పూర్తి పేరు డేనియల్ ఫెర్గస్ మెక్‌గ్రెయిన్ అని వినగానే, ఈ పేరు చూస్తే కాథలిక్ కుర్రాడిలా ఉన్నాడే అని రేంజర్స్ తరఫున చూడ్డానికొచ్చిన మనిషి వెనక్కి వెళ్ళిపోయాడని అక్కడ అందరూ చెప్పుకునే కథ. 1967లో సెల్టిక్ తీసుకుంది. అదే ఏడాది మే 25న ఆ క్లబ్ లిస్బన్‌లో యూరోపియన్ కప్, అంటే యూరప్ దేశాల ఛాంపియన్ క్లబ్‌ల పోటీ, గెలిచింది, బ్రిటన్ నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి క్లబ్ అదే. మేనేజర్ జాక్ స్టీన్, ఒకప్పుడు బొగ్గు గనిలో పనిచేసినవాడు. ఆయన చేతికింద పెరిగిన కుర్రాళ్ళలో మెక్‌గ్రెయిన్ ఒకడు, కెన్నీ డాల్‌గ్లీష్ ఇంకొకడు.

పెద్ద టీమ్‌లోకి 1970లో వచ్చాడు. 1972లో ఫాల్‌కర్క్ జట్టుతో మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి పుర్రె ఎముక చిట్లింది. కోలుకున్నాడు, మళ్ళీ తలతో బంతి కొట్టే చోటికే వచ్చి నిలబడ్డాడు. 1973లో దేశం తరఫున మొదటి మ్యాచ్.

ఇక్కడ ఫుల్‌బ్యాక్ పని ఏమిటో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్లు వేరు. ఫుల్‌బ్యాక్ గీత పక్కన ఉంటాడు, కుడివైపైతే రైట్ బ్యాక్, ఎడమవైపైతే లెఫ్ట్ బ్యాక్. అవతలి జట్టు వింగర్, అంటే గీత వెంట దాడి చేసేవాడు, బంతి తీసుకుని దూసుకొస్తే ఆపాలి, అది సగం పని. బంతి మన జట్టుకి రాగానే అదే గీత వెంట పైకి పరిగెత్తి క్రాస్ వెయ్యాలి, అంటే బంతిని గోల్ ముందుకి కొట్టాలి, బంతి పోతే మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలి. తొంభై నిమిషాలూ అదే వరస. మెక్‌గ్రెయిన్ ఈ రెండో సగం పని అద్భుతంగా చేసేవాడు, అసలు ఆయన పేరు చెప్పగానే పాత సెల్టిక్ అభిమానులకి గుర్తొచ్చేది గడ్డంతో, తల పైకెత్తి, కుడి గీత వెంట పరిగెత్తే మనిషే. ఇప్పుడు మీరు ఆలోచించండి, ఒంట్లో ఉన్న గ్లూకోజ్ అంతా పిండేసే పొజిషన్ గ్రౌండ్‌లో ఏదైనా ఉందంటే అది ఇదే.

1974 వరల్డ్ కప్ పశ్చిమ జర్మనీలో జరిగింది. స్కాట్లండ్ ఆఫ్రికా దేశం జైర్‌ని 2-0తో ఓడించింది, బ్రెజిల్‌తో 0-0, యుగోస్లావియాతో 1-1. ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు, ఆ టోర్నీలో ఓడిపోని జట్టు అదొక్కటే, అయినా గోల్స్ లెక్కలో ఒక్కటి తక్కువై ఇంటికొచ్చేసింది. మూడు మ్యాచ్‌ల్లోనూ కుడివైపు రేంజర్స్ ఆటగాడు శాండీ జార్డీన్, ఎడమవైపు మెక్‌గ్రెయిన్. కుడికాలి వాటం మనిషి లెఫ్ట్ బ్యాక్ ఆడాడు. బయట వీధుల్లో కొట్టుకునే రెండు క్లబ్‌ల వాళ్ళు చెరో పక్కన నిలబడి బ్రెజిల్‌ని గోల్ కొట్టనివ్వకపోవడం నాకెందుకో చాలా ఇష్టం, అందుకే చెప్పాను.

ఆ వేసవిలోనే ఆయనకి విపరీతమైన దాహం, బరువు తగ్గిపోవడం. ఇక్కడున్న ప్రతి అమ్మకీ ఈ రెండు మాటలు వినగానే తెలిసిపోయి ఉంటుంది. మీరూ ఎండల వల్లే అనుకుని ఉంటారు, మా అమ్మా అలాగే అనుకుంది. టోర్నీ నుంచి తిరిగొచ్చాక పరీక్షలు చేస్తే షుగర్ అని తేలింది. వయసు 24.

1974 అంటే ఏమిటో పిల్లలకి తెలియాలి. మీ చేతికి షుగర్ చూసే సెన్సర్ ఉంది, ఫోన్‌లో గీత కనబడుతుంది. అప్పట్లో ఇంట్లో రక్తం పరీక్ష చేసుకునే మిషన్ మామూలు జనం దగ్గర లేదు. ఇన్సులిన్ పందుల నుంచి, ఆవుల నుంచి తీసినది. షుగర్ ఎంతుందో తెలియాలంటే మూత్రమే చూడాలి. పద్నాలుగేళ్ళ తర్వాత మా ఇంట్లో కూడా అదే పద్ధతి కాబట్టి దాని సంగతి నాకు బాగా తెలుసు. అమ్మ గాజు గొట్టంలో నీలం రంగు బెనెడిక్ట్ ద్రావణం పోసేది, అందులో ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, పట్టకారుతో పట్టుకుని స్పిరిట్ దీపం మీద వేడి చేసేది. నీలం అలాగే ఉంటే షుగర్ లేదు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపైతే ఇంకొంచెం, ఇటుకరంగుకి తిరిగిందంటే బాగా ఎక్కువ. రంగు మారేదాకా మేమిద్దరం ఊపిరి బిగపట్టి చూసేవాళ్ళం. అయితే ఆ గొట్టం చెప్పేది ఇప్పటి సంగతి కాదు, రెండు మూడు గంటల కిందటిది. షుగర్ పడిపోయిందా అన్నది అసలే చెప్పదు, నీలం అంటే బాగానే ఉన్నట్టూ కావచ్చు, కళ్ళు తిరిగి పడిపోబోతున్నట్టూ కావచ్చు. ఆ రోజుల్లో ఇన్సులిన్ మీద ఉన్న ఆటగాడు శనివారం మధ్యాహ్నం మూడింటికి వేలమంది ముందు గ్రౌండ్‌లోకి దిగాడంటే, తన ఒళ్ళు చెప్పే సూచనలే దిక్కు.

  

సరే, షుగర్ తేలాక ఏమైంది? జూన్‌లో వరల్డ్ కప్ అయింది కదా, అక్టోబర్ 26న లీగ్ కప్ ఫైనల్, సెల్టిక్ 6-3తో హిబర్నియన్‌ని ఓడించింది, రైట్ బ్యాక్ మెక్‌గ్రెయిన్. నాలుగు నెలలు! 1975లో స్కాటిష్ కప్. 1977లో లీగూ కప్పూ రెండూ, పైగా ఆ ఏడాది స్కాట్లండ్ ఫుట్‌బాల్ విలేకరులు ఎన్నుకున్న ఉత్తమ ఆటగాడు ఆయనే. అదే ఏడాది లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్‌ని 2-1తో ఓడించిన జట్టులో ఉన్నాడు. ప్రపంచంలో అతి మంచి ఫుల్‌బ్యాక్‌లలో ఒకడని ఆయన్ని అన్నది ఈ రోజుల్లోనే, అంటే ఇన్సులిన్ మొదలయ్యాకే. షుగర్ వచ్చినా ఆడాడు అని మనం అంటుంటాం, నాకు ఆ "వచ్చినా" నచ్చదు. ఆయన ఆట పండింది షుగర్ వచ్చాక.

మరి ఆయన్ని నిజంగా ఆపింది ఏమిటి? కాలి దెబ్బ. డాల్‌గ్లీష్ 1977 ఆగస్టులో లివర్‌పూల్‌కి వెళ్ళిపోయాక మెక్‌గ్రెయిన్ కెప్టెన్ అయ్యాడు. అక్టోబర్‌లో హిబర్నియన్‌తో మ్యాచ్‌లో చీలమండ దగ్గర దెబ్బ తగిలింది. మామూలు దెబ్బే అనుకున్నారు, అది ఎంతకీ మానలేదు. ఏడాది దాటిపోయింది. 1978 అర్జెంటీనా వరల్డ్ కప్ చేజారింది, ఆట బాగా పండిన వయసులో. నాకు ఈ ముక్క చదివినప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే ఇంజెక్షన్లకీ రంగుల గొట్టాలకీ అలవాటుపడ్డ మనిషికి ఎవరూ పేరు పెట్టలేని నొప్పి వచ్చిపడింది. ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు.

1979 వసంతానికి తిరిగొచ్చాడు. మే 21న రేంజర్స్‌తో మ్యాచ్, గెలిస్తేనే లీగ్ సెల్టిక్‌ది. ఒక ఆటగాణ్ణి రిఫరీ బయటికి పంపేశాడు, పదిమందే మిగిలారు, అప్పటికి ఒక గోల్ వెనకబడి ఉన్నారు. 4-2తో గెలిచారు. కెప్టెన్ మెక్‌గ్రెయిన్. మరుసటి ఏడాది స్కాటిష్ కప్ ఫైనల్‌లో మళ్ళీ రేంజర్సే, అదనపు సమయంలో ఆయన కొట్టిన షాట్‌కి తోటి ఆటగాడు జార్జ్ మెక్‌క్లస్కీ కాలు అడ్డుపెట్టి దారి మళ్ళిస్తే అదే గెలుపు గోల్ అయింది.

ఇక మా డాక్టర్ గారి వాక్యానికి వస్తాను. 1982 వరల్డ్ కప్, స్పెయిన్. స్కాట్లండ్ మేనేజర్ అప్పటికి జాక్ స్టీనే, పదిహేడేళ్ళప్పటి నుంచి ఈ కుర్రాణ్ణి చూసినవాడు. జూన్ 15న మాలగాలో న్యూజీలాండ్‌తో మొదటి మ్యాచ్, వేసవి వేడి, చేతికి కెప్టెన్ పట్టీతో 32 ఏళ్ళ మెక్‌గ్రెయిన్ జట్టుని నడిపించుకుంటూ వచ్చాడు. 5-2 గెలిచారు. బ్రెజిల్ మ్యాచ్‌లో ఆడలేదు, సోవియట్ యూనియన్‌తో 2-2 అయిన మ్యాచ్‌లో చివర్లో దిగాడు, దేశానికి అదే ఆఖరిది. సెల్టిక్‌తో ఇంకో ఐదేళ్ళు ఆడాడు. మొత్తం ఏడు లీగ్‌లు, ఐదు స్కాటిష్ కప్‌లు, రెండు లీగ్ కప్‌లు. 1987లో హామిల్టన్ అనే క్లబ్‌కి వెళ్ళి అక్కడ కూడా ఒక సీజన్ ఆడి, ఆ తర్వాత చాలా ఏళ్ళు సెల్టిక్‌లో కుర్రాళ్ళకి ఆట నేర్పాడు.

ఇంకొక్కటి, నా సంగతే. డాక్టర్ గారు ఆ మాట అన్న రోజు సాయంత్రం నాన్న ఎవరికీ చెప్పకుండా స్టూల్ వేసుకుని బూట్లు దింపారు. స్కూల్ టీమ్ లేదు కదా, మా వీధి చివర ఖాళీ స్థలంలో ఆడేవాణ్ణి. నాన్న గోడ పక్కన నిలబడేవారు, చొక్కా జేబులో కాగితంలో చుట్టిన బెల్లం ముక్క. హాఫ్ టైమ్‌కి నా ముఖం చూసేవారు, పెదాలు పాలిపోయి ఉన్నాయనిపిస్తే ఏమీ అడక్కుండా బెల్లం నోట్లో పెట్టేవారు. మా ఇంట్లో మీటరు అదే. మెక్‌గ్రెయిన్ గురించి నాన్నకి ఆ ఒక్క వాక్యం తప్ప ఏమీ తెలియదు, చివరిదాకా "ఆ స్కాట్లండ్ అబ్బాయి" అనేవారు.

మూడున్నరకి బయట గ్రౌండ్‌లో మ్యాచ్ పెట్టారు. ఆడేవాళ్ళందరూ మూడుంబావుకి ఒకసారి షుగర్ చూసుకుని ఆ అంకె నాకు చెప్పండి, తక్కువగా ఉన్నవాళ్ళకి బిస్కెట్లూ అరటిపళ్ళూ గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. నాన్నలు గీత పక్కనే ఉండండి. రైట్ బ్యాక్ ఎవరు ఆడతారు?