తుఫాను నెలలకి ఎన్ని బ్యాటరీలు? కవిటి మావయ్యతో కబుర్లు

హోస్ట్: నమస్కారం. ఈసారి స్టూడియోలో లేము. శ్రీకాకుళం జిల్లా కవిటిలో, మా మావయ్య గారి వరండాలో కూర్చున్నాం. వెనకాల వినిపించేది కొబ్బరాకుల చప్పుడు. మావయ్యా, మేడమీది సోలార్‌కి మొన్న రెండో బ్యాటరీ కూడా తెచ్చారు కదా. అసలీ ఆలోచన ఎక్కడ మొదలైంది?

మావయ్య: తిత్లీ తుఫానుతో రా. 2018 అక్టోబరు 11. తెల్లారేసరికి తోటలో చెట్లన్నీ ఒకదానిమీద ఒకటి పడున్నాయి. స్తంభాలు పొలాల్లో ఉన్నాయి. మీ అమ్మమ్మకేమో ఇన్సులిన్, ఫ్రిజ్ ఆగిపోయింది. మీ అత్త వెడల్పాటి కుండలో తడి ఇసక పోసి, మధ్యలో చిన్న ముంత పెట్టి, మందు సీసాలు అందులో దాచింది. పూటపూటకీ ఇసక తడిపేది. ఆ కుండ ఇంకా అటకమీదే ఉంది.

హోస్ట్: అందుకే సోలార్ పెట్టించారన్నమాట.

మావయ్య: అందుకే. కానీ మొదట పెట్టింది ఆన్-గ్రిడ్, అంటే బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపేది, మూడు కిలోవాట్లు. కేంద్రం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ వచ్చింది. బిగించినాయన "కరెంటు పోయినా ఎండుంటే నడుస్తాదండి" అన్నాడు. వైశాఖం ఎండ, మిట్టమధ్యాహ్నం, మొదటిసారి కరెంటు పోయింది. ప్యానెళ్ల కరెంటుని ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ కూడా టక్కున ఆగిపోయింది. ఆరోజు నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

హోస్ట్: ఎందుకు ఆగింది?

మావయ్య: ఆగాలి కాబట్టి! లైన్లో కరెంటు లేనప్పుడు మన మేడమీద కరెంటు వెనక్కి లైనెక్కితే, స్తంభమెక్కిన లైన్‌మన్ ఏమైపోతాడు? తప్పు యంత్రానిది కాదు, అది ముందు చెప్పకపోవడం తప్పు. తర్వాత లైనుకీ బ్యాటరీకీ రెండిటికీ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరూ, ఒక లిథియం బ్యాటరీ పెట్టుకున్నాను. 51.2 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు. గుణించుకో, ఐదు యూనిట్ల పైచిలుకు.

హోస్ట్: అది చాల్లేదా?

మావయ్య: మూడోరోజు తెల్లవారుజామునే బ్యాటరీ అడుగంటింది. మీ అత్త "ఇంకోటి తెచ్చేద్దాం" అంది. నేను ఒక నెల ఆగుదామన్నాను. ఫోన్లో యాప్ ఉంది కదా, ఇన్వర్టర్‌కి వైఫై డాంగిల్ తగిలిస్తే అయిదు నిమిషాలకోసారి లెక్క పంపిస్తుంది. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, రాత్రి కరెంటు వాడకం గీత చూసేవాణ్ణి. ఇదుగో, ఈ గీత చూడు. రాత్రి రెండింటికి ఇంట్లో అందరూ నిద్ర. అయినా పొలంగట్టులాగ సాఫీగా పోతోంది, ఎక్కడా దిగదు.

హోస్ట్: ఫ్యాన్లేమో?

మావయ్య: ఫ్యాన్లు ఉన్నాయి, అవి పాతవి, ఒక్కోటి 75 వాట్లు లాగేస్తోంది. కానీ ఫ్రిజ్ కంప్రెసర్ ఆగి తిరగాలి కదా, గీత మెట్లు మెట్లుగా ఉండాలి. మనది ఆగడమే లేదు. పది రూపాయల నోటు తలుపు సందులో పెట్టి మూశాను. లాగితే సులువుగా జారి వచ్చేసింది! రబ్బరు వదులైపోయింది. రబ్బరు మార్పించాను, మూడు ఫ్యాన్లూ తక్కువ కరెంటు లాగే బీఎల్‌డీసీ మోటారువి వేయించాను, ముప్ఫై వాట్లవి. రాత్రికి ఆరున్నర యూనిట్లు ఖర్చయ్యేది నాలుగున్నరకి దిగింది.

హోస్ట్: మరి రెండోది కొనడం దేనికి?

మావయ్య: మామూలు రాత్రులకి కాదు. నెట్ మీటర్ ఉంది, మిగిలింది లైన్లోకి పోతుంది, తక్కువైతే తిరిగొస్తుంది. తుఫానుకి కొన్నాను. మంచి ఎండలో ఈ ప్యానెళ్లు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. నల్లటి ముసురు పట్టిన రోజున రెండే యూనిట్లు రావడం కూడా యాప్‌లో చూశాను. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, దీపాలు, సెల్లు ఛార్జింగ్, పొదుపుగా వాడితే రోజుకి మూడు యూనిట్లు. రెండు బ్యాటరీలు నిండుగా ఉంటే మూడు రోజులు మీ అమ్మమ్మ మందుకి ఢోకా లేదు. ఆ లెక్క చూసుకున్నాకే డబ్బులు తీశాను.

హోస్ట్: రెండోది కలపడం సులువేనా?

మావయ్య: సులువే అనుకుని దెబ్బతిన్నాం. వచ్చిన కుర్రాడు పాతది నిండుగా, కొత్తది సగంగా ఉండగానే వైర్లు కలిపేశాడు. ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి కరెంటు ఒక్క ఉదుటున దూకింది. బ్యాటరీ లోపల కాపలా కాసే బీఎంఎస్ అనే సర్క్యూట్ కాపాడి ఆపేసింది గానీ, వైరు చివర బిగించే లగ్ దగ్గర నల్లమచ్చ పడింది. ఇదిగో చూడు, వేలు పెట్టి చూడకు, కళ్లతో చూడు. రెండూ విడివిడిగా నిండుగా ఛార్జ్ చేసి, వోల్టేజి మీటర్‌తో చూసి, అప్పుడు కలపాలి. అదే కంపెనీ, అదే మోడల్ అయ్యుండాలి. రెండిటికీ వైర్లు ఒకే పొడుగుండాలి. పొట్టి వైరు బ్యాటరీ ఎక్కువ కష్టపడిపోతుంది.

హోస్ట్: యాప్‌లో చూపించే ఛార్జింగ్ శాతం నమ్మొచ్చా?

మావయ్య: ఈ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల్లో నమ్మకం కొంచెం తక్కువ. ఎనభై శాతానికీ ముప్ఫైకీ వోల్టేజి పెద్దగా మారదు. అందుకే వెళ్లిన కరెంటు, వచ్చిన కరెంటు లెక్కేసి చెబుతుంది, రోజులు గడిస్తే తప్పు పోగవుతుంది. అప్పుడప్పుడు వంద దాకా నింపితే లెక్క మళ్లీ సర్దుకుంటుంది.

హోస్ట్: మరి అక్టోబరుకి?

మావయ్య: ఇన్వర్టర్‌లో రిజర్వు అని ఉంటుంది, బ్యాటరీలో ఎంత శాతం మిగల్చాలో చెప్పేది. మామూలు నెలల్లో ఇరవై. సెప్టెంబరు ఆఖర్లో ఎనభైకి పెడతాను, అంటే కరెంటున్నంతసేపు అంతకంటే కిందికి దిగనివ్వదు. విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం మాట వినగానే వందకి పెట్టేసి, కరెంటుండగానే నింపేస్తాను. డిసెంబరు దాటాక మళ్లీ ఇరవై.

హోస్ట్: అమ్మమ్మకి చెప్పారా ఇదంతా?

మావయ్య: చెప్పాను. "కుండ మాత్రం పారేయకురా" అంది. పారేయలేదు.