కొలోన్ కెథడ్రల్ రివ్యూ: టవర్ ఎక్కడం అవసరమా?

అందరికీ నమస్కారం. జర్మనీలోని కొలోన్ నగరంలో రైలు దిగి స్టేషన్ గుమ్మం దాటితే చాలు, కెథడ్రల్ ఎదురుగా నిలబడి ఉంటుంది. పొగకూ వానకూ నల్లబడిన రాతి గోడలు, 157 మీటర్ల ఎత్తున్న జంట టవర్లు ఇంత దగ్గర నుంచి ఒక్క చూపులో ఇమడవు, ఫోన్ కెమెరాలో అసలే ఇమడవు. కాబట్టి ఫోటోల సంగతి తరువాత చూసుకుని ముందు లోపలికి వెళ్లమని నా సలహా. ప్రార్థన జరిగే వేళల్లో సందర్శకులను తిరగనివ్వరు కనుక సమయం చూసుకుని బయలుదేరండి.

ఈ కట్టడాన్ని చూసే ముందు ఒక సంగతి తెలిసి ఉండాలి. 1164లో, శిశువు యేసును చూడవచ్చిన ముగ్గురు జ్ఞానులవిగా భావించే అస్థికలు మిలాన్ నుంచి ఇక్కడికి చేరాయి, యాత్రికులు పోటెత్తారు. 1248లో కొత్త ఆలయానికి పునాది వేశారు. బలిపీఠం ఉన్న తూర్పు భాగాన్ని 1322లో ప్రతిష్ఠించారు కానీ, 16వ శతాబ్దంలో పని ఆగిపోయింది. సగంలో నిలిచిన దక్షిణ టవర్ మీద రాళ్లెత్తే క్రేన్ 300 ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయి, చివరికి ఊరికి గుర్తుగా మారింది. ముఖభాగానికి మధ్యయుగంలో గీసిన పటం సగం 1814లో డార్మ్‌స్టాట్‌లో, తక్కిన సగం 1816లో పారిస్‌లో దొరికాయి. 1842లో మళ్లీ మొదలైన పని ఆ పటం ప్రకారమే సాగి 1880లో పూర్తయింది. పాత గీతను అంత నిష్ఠగా అనుసరించినవారే పైకప్పు లోపలి దూలాలకు మాత్రం కొయ్యను కాదని ఇనుము వాడారు!

లోపల 43 మీటర్ల ఎత్తున్న మధ్య నడవలో తలెత్తి నిలబడటానికి కనీసం అరగంట కేటాయించండి. మెదక్ చర్చి చూసినవారికి కోసు కమానులు, రంగుటద్దాల కిటికీలు పరిచయమే కానీ, ఇక్కడి కొలత వేరు. దక్షిణం వైపు కిటికీ నాకు అన్నిటికంటే నచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన పాత అద్దాల స్థానంలో 2007లో జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిష్టర్ రూపకల్పనతో 72 రంగుల్లో 11 వేలకు పైగా చిన్న చతురస్రాలు అమర్చారు. అందులో బొమ్మ లేదు, కథ లేదు. అప్పటి ఆర్చిబిషప్‌కు అది నచ్చలేదు. అయితే ఎండ పడినప్పుడు నేల మీద పరుచుకునే ఆ రంగులను చూశాక నేను ఆయన పక్షాన నిలవలేను.

ఇక టవర్ విషయం. 533 మెట్లు, ఇరుకైన చుట్టుమెట్ల దారి, పైకి వెళ్లేవారూ కిందికి వచ్చేవారూ ఒకరినొకరు ఒరుసుకుంటూ నడవాలి. దారిలో 1923లో పోతపోసిన 24 టన్నుల గంట కనిపిస్తుంది, దాని కోసమైతే ఎక్కవచ్చు. పై నుంచి ఊరిని చూడాలంటే మాత్రం చుట్టూ తీగల జాలి అడ్డం, పైగా అక్కడి నుంచి కనిపించనిది ఈ కెథడ్రల్ ఒక్కటే. మోకాళ్ల నొప్పులున్నవారు నిస్సంకోచంగా మానుకోవచ్చు.

ఆ శ్రమకు బదులు సాయంత్రం రైలు వంతెన పక్కనున్న నడకదారిలో రైన్ నది దాటి డాయిట్స్ ఒడ్డుకు వెళ్లండి. స్టేషన్ వైపు నుంచి చూపుకు అందనిది ఇక్కడ మొత్తంగా అందుతుంది: ముందు 1322 నాటి తూర్పు భాగం, దాని వెనుక 1880లో ముగిసిన టవర్లు, ఎక్కడా అతుకు కనిపించకుండా.