పెరటి కలువకుంటకు గ్రిల్లు: నడక నేర్చే పిల్లలున్న ఇంట్లో ముందు చేయించాల్సిన పని

[దృశ్యం: పెరట్లో సిమెంటు కుంట. నీటిమీద కలువాకులు, కింద ఎర్రచేపలు. గట్టు ఎత్తు అడుగు లోపే.]

వాయిస్: 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు. పెద్దవాళ్ళకు ఇది మోకాలి లోతు నీళ్ళే. ఏడాదిన్నర పాపకు మాత్రం ఇందులో రెండంగుళాల నీళ్ళున్నా ప్రాణం మీదికి వస్తుంది. ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. చేపను చూద్దామని గట్టు మీంచి వంగితే ముందు తలే జారుతుంది. లోపలి గోడ నాచు పట్టి ఉంటుంది కాబట్టి చేతికి పట్టు దొరకదు, మెడ పైకెత్తే బలమూ చాలదు.

అరుపు వినగానే పరిగెత్తుకొస్తాం అనుకుంటాం. నోరు నీళ్ళలో ఉన్న బిడ్డ అరవలేదు. పక్క గదిలో ఉన్నవాళ్ళకు ఏమీ వినపడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. వాళ్ళలో దాదాపు నాలుగో వంతు ఐదేళ్ళలోపు పిల్లలే. పిల్లలకూ నీటికీ మధ్య అడ్డు కట్టమని ఆ సంస్థ చెబుతున్నది అందుకే. కనిపెట్టుకుని ఉండడం తప్పనిసరి, కానీ గేటు దగ్గర ఎవరో పిలిస్తే ఆ కన్ను పక్కకు తిరుగుతుంది. గ్రిల్లు అక్కడే ఉంటుంది.

[దృశ్యం: కుంటమీద కట్టిన నైలాన్ వల. దానిమీద 10 కిలోల బియ్యం సంచి పెడితే వల కుంగి, సంచి నీళ్ళలో తడుస్తుంది.]

వాయిస్: చాలా ఇళ్ళలో కనిపించేది ఈ వల. కొంగలు చేపల్ని ఎత్తుకుపోకుండా ఆపుతుందేమో గానీ బిడ్డను ఆపదు. బరువు పడగానే కుంగుతుంది, పైగా కాళ్ళూ చేతులూ చిక్కుకుంటాయి. కోళ్ళ జాలీ కూడా అంతే. ప్లైవుడ్ ముక్క వానకు నానుతుంది, సిమెంటు రేకు విరుగుతుంది. గుర్రపుడెక్క, అంతరతామర కుంటనిండా అల్లుకుంటే ఇంకా ప్రమాదం: పసిపిల్లల కంటికి అది పచ్చటి నేలలాగే ఉంటుంది. అడుగు వేసేస్తారు.

[దృశ్యం: వెల్డింగ్ షాపు. నేలమీద పరిచిన చువ్వలు, యాంగిళ్ళు.]

వాయిస్: కావలసింది ఇనుప గ్రిల్లు. చుట్టూ ఫ్రేముకు 25×25×3 ఎంఎం యాంగిల్, అంటే ఎల్ ఆకారపు ఇనుప పట్టీ; లోపల 8 ఎంఎం చువ్వలు, నిలువూ అడ్డమూ. గడి 3 అంగుళాలకు మించకూడదు. ఈ మాట షాపువాళ్ళకు గట్టిగా చెప్పండి, ఎందుకంటే ఇనుము ఆదా అవుతుందని 5 అంగుళాల గడి పెట్టేవాళ్ళున్నారు. సుమారు మూడున్నర అంగుళాల నుంచి 9 అంగుళాల మధ్య సందుల్లో పిల్లల ఒళ్ళు దూరి, తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. 3 అంగుళాల గడిలో కాలు జారితే మోకాలి దాకా దిగొచ్చు, బిడ్డ ఏడుస్తుంది. ఏడుపు వినపడిందంటే ముఖం గాలిలోనే ఉన్నట్టు.

ఫ్రేము గట్టుమీద నాలుగు పక్కలా 4 అంగుళాలు ఆనాలి. అంటే మన కుంటకు 68 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు. దీన్ని ఒకే పలకగా చేయించొద్దు. శుభ్రం చేసేటప్పుడు అంత బరువు ఎత్తలేరు, ఎత్తినా చేతుల మీద పడుతుంది. రెండు సగాలుగా చేయించి, అవి కలిసే చోట గట్టు నుంచి గట్టుకు 40×40×5 యాంగిల్ ఒకటి గోడలోకి దించి సిమెంటు చేయించండి. ఒక్కో సగం కింద మధ్యలో 35×35×5 యాంగిల్ ఒకటి అడ్డంగా వెల్డింగ్ చేయించాలి. ఇలా చేస్తే ప్రతి 15 అంగుళాలకూ ఒక ఊత ఉంటుంది. ఈ ఊతలు లేకపోతే 8 ఎంఎం చువ్వ మనిషి బరువుకు వంగిపోతుంది.

చువ్వలు 160 అడుగుల చిల్లర పడతాయి. అన్నీ కలిపి బరువు 35 నుంచి 40 కిలోలు. కిలోల లెక్కన ధర చెప్పే షాపులో ఈ అంకె మీకు పనికొస్తుంది. తూకం 25 కిలోలే వచ్చిందంటే చువ్వ సన్నంగానో గడి పెద్దగానో వేశారన్నమాట.

తుప్పు సంగతి. వెల్డింగ్ అతుకుల దగ్గరే ముందు పడుతుంది. బొబ్బలు గ్రైండింగ్ చేయించి, రెడాక్సైడ్ రెండు పూతలు, పైన ఎనామెల్ రెండు పూతలు వేయించండి. వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం వారం, ఎండలో ఆరనిచ్చి తర్వాతే చేపలున్న కుంటమీద పెట్టండి. సముద్రతీర ఊళ్ళలో ఉప్పుగాలికి పెయింటు నిలవదు, అక్కడ గాల్వనైజింగ్, అంటే జింకు పూత, చేయించడమే మంచిది.

[దృశ్యం: గ్రిల్లు అంచు. బందులు, తాళం. టేపుతో నీటిమట్టానికీ గ్రిల్లుకూ మధ్య దూరం కొలుస్తారు.]

వాయిస్: ఒక్కో సగానికి గట్టు వైపు రెండు బందులు, 10 ఎంఎం యాంకర్ బోల్టులతో. ఎదురు వైపు తాళం పడే కొక్కెం. ఊరికే గడియ చాలదు, మూడేళ్ళ పిల్లలు గడియ తీయడం ఇట్టే నేర్చుకుంటారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చూపిస్తున్న కొలత. నీటిమట్టం గ్రిల్లుకు కనీసం 4 అంగుళాలు కింద ఉండాలి. గ్రిల్లు నీళ్ళలో మునిగి ఉంటే, దానిమీద బోర్లా పడ్డ బిడ్డ ముఖం కూడా నీళ్ళలోనే ఉంటుంది. గ్రిల్లు ఉండీ లేనట్టే. నీళ్ళు ఎవరూ పొయ్యకపోయినా శ్రావణంలో ఒక్క రాత్రి వాన చాలు కుంట నిండడానికి. అందుకే గట్టు పైఅంచుకు 4 అంగుళాల కింద గోడకు రంధ్రం చేసి 40 ఎంఎం పీవీసీ గొట్టం పెట్టించాలి. దాని నోటికి ఆకులు అడ్డుపడితే నీళ్ళు లేస్తాయి. నోటికి జాలీ బుట్ట తొడిగి, వానాకాలంలో రోజూ ఉదయం చేత్తో తడిమి చూడండి.

మొక్కల విషయంలో ఒక సలహా. గ్రిల్లు కింద కలువ హాయిగా పెరుగుతుంది, దాని ఆకులు నీటిమీదే పరుచుకుంటాయి. తామర అలా కాదు. చుట్టుకున్న ఆకు గడిలోంచి పైకొచ్చి విచ్చుకుంటుంది, తర్వాత కాడలు కోస్తే తప్ప గ్రిల్లు లేవదు. పిల్లలు పెద్దయ్యేదాకా కలువే పెంచుకోండి.

నీళ్ళు చిమ్మే మోటారు ఉంటే దాని లైనుకు 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి, వేయించండి. వైరు గ్రిల్లు అంచు కింద నలగకుండా గొట్టంలో పోనివ్వాలి.

[దృశ్యం: గ్రిల్లు బిగించాక పెద్దమనిషి నెమ్మదిగా దానిమీద నిలబడతాడు.]

వాయిస్: బిగించిన రోజే పెద్దవాళ్ళు ఒకరు, గట్టు బయట ఉన్నవాళ్ళ చేయి పట్టుకుని, దానిమీద నిలబడి చూడాలి. కుంగినా కదిలినా షాపుకు వెనక్కి.

ఇదంతా ఇప్పుడు కుదరదంటే చేపల్ని తొట్టికి మార్చి, కుంట ఖాళీ చేసి, అడుగున నాలుగైదు చోట్ల రంధ్రాలు కొట్టించి, గట్టుదాకా ఇసుక పోయించండి. పిల్లలకు ఆడుకునే చోటవుతుంది. ఐదారేళ్ళ తర్వాత మళ్ళీ కుంట చేసుకోవచ్చు.

[దృశ్యం: ఇంటి ముందు సంపు. మూత తీసి ఉంది, ట్యాంకరు పైపు లోపలికి.]

వాయిస్: కుంట లేని ఇంట్లోనూ సంపు ఉంటుంది. దాని ఇనుప మూత బరువుగానే ఉంటుంది గానీ, వేసవిలో ట్యాంకరు వచ్చిన ప్రతిసారీ తీసి పక్కన పెడతారు. మూత కింద, నోటి లోపల, ఇలాంటిదే చిన్న గ్రిల్లు తాళంతో వేయించండి. ఒక మూల పైపు దూరేంత కన్నం వదలాలి, అది 3 అంగుళాలు దాటకూడదు. అప్పుడు మూత తీసి ఉన్నా పిల్లలు పడరు.

[దృశ్యం: తోటలో పెద్ద కుంట, చుట్టూ కంచె.]

వాయిస్: పొలంలోని కుంటకు గ్రిల్లు కుదరదు, కంచె కావాలి. ఎత్తు 4 అడుగులు, నిలువు చువ్వల మధ్య సందు 4 అంగుళాల లోపు, నేలకూ కంచెకూ మధ్య కూడా అంతే. డైమండ్ జాలీ వద్దు, దాని గళ్ళు పిల్లలకు మెట్లవుతాయి. గేటు బయటికి తెరుచుకుని, స్ప్రింగుతో దానంతటదే మూసుకోవాలి. గడియ తీసే పిడి కంచెకన్నా పైకి, 5 అడుగుల ఎత్తులో ఉండాలి. కంచెకు 3 అడుగుల లోపు కుర్చీ, పూలకుండీ, ఇటుకల కుప్ప ఏవీ ఉంచొద్దు. ప్లాస్టిక్ పట్టా పరిచిన కుంటలో పడితే పెద్దవాళ్ళే జారిపోతారు, పైకి రాలేరు. నాలుగు వైపులా అడుగుకో ముడి వేసిన లావు తాళ్ళు, గట్టుమీద గట్టి మేకుకు కట్టి లోపలికి వేలాడదీయండి.

[దృశ్యం: బొమ్మ మీద శ్వాస, ఛాతీ నొక్కుడు చూపిస్తారు.]

వాయిస్: ఇంత చేసినా ఒకవేళ బిడ్డ మునిగితే: బయటికి తీసి, చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. శ్వాస లేకపోతే ముందు 5 సార్లు నోటితో ఊదాలి, ఛాతీ లేస్తోందో లేదో చూస్తూ. తర్వాత ఛాతీ మధ్యలో, ఛాతీ మందంలో మూడో వంతు లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదాలి. సాయం వచ్చేదాకా ఆపొద్దు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం చేయకండి. ఊపిరి అందాల్సిన నిమిషాలు అందులో పోతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది. బిడ్డ తేరుకుని ఏడ్చినా సరే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళవల్ల కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలుకావచ్చు.