సాయంత్రం నాటకం, పొద్దున్నే షూటింగ్: హైదరాబాద్‌లో నటుడి పని

హోస్ట్: నమస్కారం. సాయంత్రం లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో నాటకం, తెల్లారి ఏడింటికి షూటింగ్ కాల్. ఈ ఊళ్లో చాలామంది నటుల వారం ఇలాగే నడుస్తుంది. వెనక బ్యానరూ మేనేజరూ లేకుండా రెండు చోట్లా పనిచేసేవాళ్ల గురించి ఈరోజు మాట్లాడుకుందాం. అన్నా, ఆడిషన్‌తో మొదలుపెడదామా?

నటుడు: పెడదాం. ఫొటోలు పట్టుకుని కృష్ణానగర్ ఆఫీసుల చుట్టూ తిరగడం బాగా తగ్గింది. ఇప్పుడు ఎక్కువగా సెల్ఫ్ టేపే, అంటే ఇంట్లోనే ఫోన్‌లో తీసి పంపే ఆడిషన్ వీడియో. నువ్వు కాస్టింగ్‌లో ఉన్నావు కదమ్మా, అవతలివాళ్లు ఏం చూస్తారో నువ్వే చెప్పు.

హోస్ట్: సరే. ఫోన్ అడ్డంగా, కళ్ల ఎత్తులో పెట్టాలి. ఛాతీ నుంచి తలపైన కొంచెం ఖాళీ వరకు ఫ్రేమ్. వెనక లేత రంగు గోడ. కిటికీ ముందుండాలి, వెనక ఉంటే ముఖం నల్లబడిపోతుంది. తెర మీద ముఖం దగ్గర వేలు నొక్కిపడితే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. లేదంటే కదిలినప్పుడల్లా వెలుతురు మారుతుంది. ఫ్యాన్ ఆపాలి. సామాను లేని గదిలో గొంతు గింగురుమంటుంది, ఫోన్ వెనక రెండు దుప్పట్లు వేలాడదీస్తే తగ్గుతుంది.

నటుడు: ఎదుటి పాత్ర డైలాగులు చదివే మనిషి సంగతి?

హోస్ట్: చాలా టేపులు పాడయ్యేది అక్కడే. ఆ మనిషి లెన్స్ పక్కనే నిలబడాలి, అప్పుడే నటుడి రెండు కళ్లూ కనిపిస్తాయి. ఫోన్‌కి దగ్గరగా ఉంటారు కాబట్టి మెల్లగా చదవాలి. లేకపోతే వాళ్ల గొంతు గట్టిగా, నటుడి గొంతు దూరంగా వస్తుంది. ఇంకోటి, వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింక్ ఇచ్చి పర్మిషన్ తెరిచి ఉంచండి. ఫైల్ పేరులో మీ పేరు, పాత్ర పేరు, ఫోన్ నంబర్ ఉండాలి.

నటుడు: పరిచయం క్లిప్ గురించి ఒక మాట. పేరు, వయసు, ఎత్తు, ముఖం రెండు పక్కల నుంచీ అందరూ ఇస్తారు. యాస దగ్గర మాత్రం ‘అన్ని యాసలూ వచ్చు’ అంటారు. శ్రీకాకుళమా, చిత్తూరా, నల్గొండా అన్నది విడిగా చెప్పాలి. ఏది నిజంగా నోట్లో నలిగిందో అదే చెప్పడం మంచిది, సెట్‌లో మొదటి డైలాగుకే తెలిసిపోతుంది.

హోస్ట్: రెండో టేక్ కూడా అడుగుతాం. చాలామంది అదే ఇంకాస్త గట్టిగా చేసి పంపుతారు.

నటుడు: అది రెండో టేక్ కాదు. అప్పు అడిగే సీన్ అనుకో. ఒకదాంట్లో అడగడానికి సిగ్గుపడుతున్నాడు, వేరే మాటలతో కాలక్షేపం చేస్తున్నాడు. ఇంకోదాంట్లో ఇస్తాడన్న నమ్మకంతోనే వచ్చాడు, కాదంటే నమ్మలేకపోతున్నాడు. ఒక్క అక్షరం మార్చక్కర్లేదు, సీన్ మొత్తం మారిపోతుంది.

హోస్ట్: స్టేజీ నుంచి వచ్చినవాళ్లని ‘ఓవర్’ అంటుంటారు. ఎంతవరకు నిజం?

నటుడు: కొంత నిజం. రవీంద్రభారతి ఆఖరి వరుసకి మాట చేరాలంటే ఊపిరి బాగా పట్టాలి, పదం చివరి అక్షరం మింగకూడదు. నాటక పరిషత్తుల పోటీల్లో ఆడే నాటికల్లో అయితే పైన వేలాడే మైకుల కింద ఎక్కడ నిలబడితే మాట అందుతుందో కూడా చూసుకోవాలి. సెట్‌కి వచ్చాక ‘తగ్గించు’ అనగానే గొంతుతో పాటు ప్రాణం కూడా తగ్గించేస్తారు, మాట చప్పబడిపోతుంది. తగ్గాల్సింది శబ్దం ఒక్కటే. ఊపిరీ ఉద్దేశం అలాగే ఉండాలి. లెన్స్ ఏదో కెమెరా అసిస్టెంట్‌ని అడగండి, తప్పేం లేదు. 35 ఎంఎం అయితే ఫ్రేమ్ వెడల్పు, చేతులు కూడా కనిపిస్తాయేమో చూసుకోవాలి. 85 ఎంఎంతో క్లోజప్ పెట్టారంటే రెండంగుళాలు ముందుకి వంగినా ఫోకస్ పోవచ్చు. నేల మీద టేపుతో వేసిన మార్క్ అందుకే.

హోస్ట్: కంటిన్యుటీ, అంటే ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ పొంతన?

నటుడు: దానిమీద నాకు పట్టుదల ఎక్కువ. ముందు సీన్ మొత్తం ఒకే షాట్‌లో మాస్టర్ తీస్తారు, తర్వాత అదే సీన్ ఎదుటివాళ్ల భుజం మీదుగా ఓవర్ షోల్డర్, ఆపైన క్లోజప్. మాస్టర్‌లో ‘నాకేం తెలుసు’ అన్న మాట మీద గ్లాసు కింద పెడితే, అన్ని షాట్లలోనూ ఆ మాట మీదే పెట్టాలి. ఒకసారి ముందు, ఒకసారి తర్వాత పెడితే ఎడిటర్ ఆ రెండు షాట్లూ కలపలేడు. అప్పుడు బాగా చేసిన క్లోజప్పే పోతుంది. అందుకే మాస్టర్‌లో చేతి పనులు తక్కువ పెట్టుకుని, ప్రతి పనినీ ఒక మాటకి కట్టేసుకోవాలి. షాట్ అవగానే సీన్ పేపర్ మీద ఆ మాట కింద గీత పెట్టుకుంటే సరి.

హోస్ట్: మన దగ్గర చాలా సినిమాలకి డబ్బింగ్ తప్పదు కదా. స్టేజీవాళ్లు అక్కడ ఎందుకు తడబడతారు?

నటుడు: ఎదురుగా మనిషి ఉండడు, ఒళ్లు కదలదు. తెర మీద నీ ముఖం, చెవిలో లొకేషన్‌లో పట్టిన పైలట్ ట్రాక్, అంతే. ముందు ఆ ట్రాక్ విని ఊపిరి ఎక్కడ తీసుకున్నావో పట్టుకోవాలి. మాట అక్కడి నుంచే మొదలవుతుంది. తర్వాత పెదవులు కలిసే అక్షరాలు చూడాలి: ప, బ, మ. తెర మీద పెదవులు మూసుకున్న చోట ఆ అక్షరం పడకపోతే ఎవరికైనా తేడా తెలుస్తుంది. మిగతా అక్షరాలు అటూ ఇటూ అయినా కన్ను క్షమిస్తుంది. డైరెక్టర్ డైలాగు మార్చమన్నప్పుడూ ఇదే లెక్క. ‘రమ్మన్నాడు’ తీసేసి ‘వెళ్లాలన్నాడు’ అంటే కుదరదు, ‘తెమ్మన్నాడు’ అంటే చాలావరకు కూర్చుంటుంది.

హోస్ట్: డబ్బింగ్ థియేటర్‌లోకి వెళ్లే ముందు జాగ్రత్తలు?

నటుడు: గాజులు, వాచీ తీసేయాలి. గంజి పెట్టిన కాటన్ చొక్కా వేసుకోకూడదు, గరగరమంటుంది. మైకుకి జానెడు దూరం. అరిచే డైలాగుకి అడుగు వెనక్కి వేయాలి. ఖాళీ కడుపుతో వెళ్తే లోపలి గుడగుడ మైకు పట్టేస్తుంది. నోరు ఎండి చప్పుళ్లు వస్తుంటే పచ్చ ఆపిల్ ముక్క నములుతారు, పనిచేస్తుంది. అరుపులూ ఏడుపులూ ఉన్న రీళ్లు చివరికి పెట్టమని ముందే అడగాలి. గొంతు పోయాక మామూలు మాటలు చెప్పలేం.

హోస్ట్: ఇప్పుడు డబ్బు. చిన్న సినిమాల్లో గొడవలన్నీ ఎక్కడ మొదలవుతాయంటారు?

నటుడు: నోటి మాటలో. ఫోన్‌లో ఒప్పుకున్నాక అదే రోజు ప్రొడక్షన్ మేనేజర్‌కి వాట్సాప్ మెసేజ్ పెట్టాలి. ఎన్ని రోజులు, మొత్తం ఎంత, అడ్వాన్స్ ఎంత, మిగతాది డబ్బింగ్ ముందా తర్వాతా. బేటా (రోజువారీ ఖర్చుల డబ్బు), ప్రయాణం ఎవరిది. డబ్బింగ్ ఆ మొత్తంలోనే ఉందా. బట్టలు సొంతవా. ఆయన ‘ఓకే’ అని కొడితే చాలు, అదే కాగితం. మిగతాది డబ్బింగ్ ముందు తీసుకోవడమే న్యాయం. డబ్బింగ్ అయ్యాక నీతో వాళ్లకి పని ఉండదు.

హోస్ట్: ప్యాచ్ వర్క్?

నటుడు: అదీ రాయాలి. ఎడిట్‌లో ఏదో షాట్ తక్కువైందని నెలల తర్వాత పిలుస్తారు. ఈలోగా నాటకంలో వేషం కోసం గడ్డం తీసేసి ఉంటావు. షూటింగ్ చివరి రోజు జుట్టూ గడ్డం నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకుని, ఆ గెటప్ ఎప్పటివరకు ఉంచాలో కో-డైరెక్టర్‌ని అడగాలి. ఆ తేదీ దాటాక పిలిస్తే విగ్గో, అతికించిన గడ్డమో వాళ్లే చూసుకోవాలి.

హోస్ట్: పన్ను సంగతి క్లుప్తంగా నేను చెప్తా. కంపెనీ సాధారణంగా 10 శాతం టీడీఎస్, అంటే ముందే కోసే ఆదాయపు పన్ను, పట్టుకుంటుంది. 60,000 ఒప్పుకుంటే చేతికి వచ్చేది 54,000. ఆ 6,000 మీ పాన్ మీద కట్టారో లేదో ఆదాయపు పన్ను వెబ్‌సైట్‌లో చూసుకోవాలి, కట్టకపోతే ప్రొడక్షన్ మేనేజర్‌ని అడగాలి. రిటర్న్ వేస్తేనే అది లెక్కలోకి వస్తుంది. ఎవరైనా ఆడిషన్‌కి రిజిస్ట్రేషన్ ఫీజు అడిగినా, తమ దగ్గరే పోర్ట్‌ఫోలియో చేయించుకోవాలన్నా అక్కడితో ఆపేయండి.

నటుడు: అవును, అందులో రెండో ఆలోచనే వద్దు.

హోస్ట్: చివరిగా డేట్స్. నాటకం, షూటింగ్ ఒకే రోజు పడితే?

నటుడు: ఒప్పుకునే ముందే నాటకం తేదీలు చెప్పాలి, నాటకం మొత్తం ఆడి చూసుకునే రన్-త్రూ రోజులతో సహా. ‘ఆరింటికి వదిలేస్తాం’ అన్న మాట మీద ఏడింటి నాటకం ఒప్పుకోకూడదు. ఫిల్మ్ సిటీలో ఆరింటికి ప్యాకప్ అన్నా రవీంద్రభారతికి చేరేది ట్రాఫిక్ దయ. అక్కడ మేకప్‌కి, గొంతు సిద్ధం చేసుకోవడానికి గంట కావాలి. షూటింగ్‌లో ఒక నటుడు రాకపోతే వేరే సీన్ తీస్తారు. నాటకంలో తెర లేవదు. మిగతావాళ్లందరి రిహార్సల్సూ వృథా అవుతాయి. రెండూ అదే రోజు పడితే షూటింగ్‌వాళ్లని మర్నాటికి మార్చమని అడుగుతాను. వారం ముందు అడిగితే సాధారణంగా మారుస్తారు.